కుక్కకు నేసిన గొంగడి

మాణిక్యప్ప చేతిలో కత్తెర ఉంటే గొర్రె కదిలేది కాదు. కాళ్ళు కట్టి పడుకోబెట్టాక ఎడమ చేయి దాని మెడ మీద ఆనించి, పొట్ట దగ్గర మొదలుపెట్టి వీపు మీదికి వచ్చేవాడు. ఉన్ని తుంపులు తుంపులుగా రాలకుండా, కప్పిన దుప్పటి తీసినట్టు ఒకటే పొరగా వచ్చేది. చర్మం మీద చిన్న గాటు పడినా ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నారాయణఖేడ్‌లో కురుమల ఇళ్ళున్న వాడలో అంత శుభ్రంగా కత్తిరించేవాళ్ళు ఇంకా ఉండేవారు. కానీ ఆ ఉన్నిని తానే ఏకి, తానే నేసి, చెప్పిన నాటికి గొంగడి చేతికిచ్చే మనిషిగా పేరున్నది మాత్రం ఆయనకే. ఆ పేరు కాపాడుకోవాలనే ఒక ఏడు ఆయన చేయకూడని పని చేశాడు.

అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. సైన్యానికి కంబళ్ళు కావాలని గుత్తేదార్లు సంతకొచ్చిన ఉన్నినంతా మూటలు కట్టించి బండ్ల మీద తోలుకుపోతున్నారు. పైగా ఆ వానాకాలం మందలో చిటుకు రోగం పడింది. పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి నిలుచున్నచోటే కూలబడేది. కార్తీకంలో వాగులో గొర్రెలను కడిగి కత్తిరింపుకు తెచ్చేసరికి మంద సగమైంది.

ఎండాకాలంలోనే మాణిక్యప్ప ఒక మాట ఇచ్చి ఉన్నాడు. నాగల్‌గిద్ద దేవప్ప తన తమ్ముడి పెండ్లికి గొంగడి కావాలన్నాడు. కురుమల పెండ్లిలో పిల్లా పిల్లగాడూ కూర్చునేది కొత్త గొంగడి మీదనే. నాలుగు మూలలా జొన్నలు పోసి, పసుపు బండారు చల్లి, బీరప్పను తలుచుకున్నాకే వాళ్ళను దాని మీద కూర్చోబెడతారు. అందులో గొర్రె ఉన్ని తప్ప వేరే పోచ కలవకూడదు. ఇది నేసే ఇళ్ళలో చిన్నప్పటినుంచీ ఎరిగిన సంగతే, ఒకరు ఇంకొకరికి చెప్పవలసిన పని లేదు.

ఆఖరి గొర్రెను వదిలాక మాణిక్యప్ప ఉన్ని కుప్పను చూశాడు. ఆయనకు తక్కెడ అవసరం లేదు. చూపుతోనే తెలిసింది, గొంగడి చివర ఒక జానెడు నేతకు తక్కువ పడుతుందని. అడిగి తెచ్చుకుందామంటే వాడలో అందరి మందలూ అంతే. ఇంట్లో అటక మీద ఒక చిన్న మూట ఉన్నా, అది బిడ్డ కాన్పు కోసం భార్య దాచింది, దాన్ని అడగలేడు. దేవప్పకు కబురు చేసి, జానెడు పొట్టిగా నేస్తానని చెప్పొచ్చు. ఆ మాట ఆయన నోటికి రాలేదు.

కుక్క పక్కనే కూర్చుని ఉంది. దాని పేరు కరియ. లంబాడా తండాలో పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాడు. తండా కుక్కలకు మెడకింద, వీపున, తోకకు పొడుగు వెంట్రుక ఉంటుంది. కరియది ఇంకా దట్టం, నల్లటి నలుపు. వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కుక్క కూడా మందలో ఒక తలే అని, కత్తిరింపు అయ్యాక దాని నుదుటి మీద ఒక్క పోచ తీసి బీరప్ప దగ్గర పెట్టేవారు. కరియకు అది తెలుసు. ఏటా మాదిరే తల వంచి వచ్చి ఆయన మోకాలి దగ్గర నిలబడింది.

మాణిక్యప్ప నుదుటి పోచ తీశాడు. తర్వాత కత్తెర ఆపలేదు. మెడ, భుజాలు, వీపు, పక్కలు అన్నీ చేశాడు. కాళ్ళు కట్టలేదు, అయినా అది కదలకుండా నిలబడింది. ఎవరో అడిగితే గోమార్లు పట్టాయి, అందుకే తీసేశానన్నాడు. గోమార్లు ఉన్న మాట నిజమే. అవి ఎప్పుడూ ఉండేవే.

ఆ వెంట్రుకను ఆఖరున మిగిలిన కాస్త ఉన్నిలో కలిపి విల్లుతో ఏకి, భార్య సిద్దమ్మకు వడకడానికి ఇచ్చాడు. సిద్దమ్మ కదురు ముందు కూర్చుంటే దారం సన్నం లావు కాకుండా వచ్చేది. ఆ వారం చివరి రెండు కండెలు వడికేటప్పుడు దారం మాటిమాటికీ జారి తెగింది. ఆమె తెగిన కొసను కాసేపు వేళ్ళమధ్య నలిపి చూసింది. ఏ గొర్రెలదని అడిగింది. తొలిసారి కత్తిరించిన పిల్లలదని ఆయన చెప్పాడు. ఆమె ఇంకేం అడగలేదు. ఉమ్మి తడి చేసుకుని, పురి ఎక్కువ పెట్టి వడికి ఇచ్చింది.

గొంగడి చెప్పిన నాటికే తయారైంది. దేవప్ప వచ్చి మడత విప్పి ఎండకు పట్టి చూశాడు. ఒక కొస అంచును చెంపకు ఆనించుకుని, ఈ పక్క ఎంత మెత్తగా ఉందో అన్నాడు. మాణిక్యప్ప మగ్గం కింద పడ్డ దారపు ముక్కలు ఏరుతున్నట్టు వంగాడు. ఇన్నేళ్ళలో తన నేతను మెచ్చుకుంటే తల వంచుకోవలసి రావడం అదే మొదటిసారి.

పుష్యమాసం వచ్చేసరికి చలి ముదిరింది. ఖేడ్ చుట్టూ గుట్టలు లేవు, చెట్లూ తక్కువే. కన్నడ దేశం వైపు నుంచి వచ్చే గాలికి అడ్డమేమీ ఉండదు. కంది కోసిన చేలల్లో ఎరువు కోసం మందను కట్టేవారు. గొర్రెలకూ ఒంటి మీద ఉన్ని లేదు, కానీ అవి ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. కుక్కకు ఆ వీలు లేదు. అది మంద బయట, తోడేలు వచ్చే దిక్కున తిరుగుతుండాలి. తెల్లారేసరికి కరియ వీపు మీద మంచు తడి నిలిచి ఉండేది. మొలిచీ మొలవని వెంట్రుకల కింద చర్మం బూడిద రంగుకు తిరిగింది. దగ్గు మొదలైంది. ముందుకాళ్ళ మీద వంగి, పొట్ట లోపలికి లాక్కుంటూ దగ్గేది. మాణిక్యప్ప ఇంటికి తెచ్చి గుంజకు కట్టేస్తే తాడు కొరికి మళ్ళీ మంద దగ్గరికే పోయింది.

ఆ దగ్గు వినబడితే ఆయన మందలోంచి లేచి పోయి దాన్ని చూసి వచ్చేవాడు. గొర్రె చచ్చిపోతే రోగం అనుకోవచ్చు. ఇది రోగం కాదు. తన చేత్తో తెచ్చిపెట్టిందే.

దానికి ఏదైనా తొడగాలని మొదట గోనె సంచి ముక్క కట్టాడు. గోనె పోగులు బోడి చర్మానికి గుచ్చుకున్నాయి, మంచు పడితే తడి పీల్చుకుని ఇంకా చల్లబడింది. పైగా గొర్రెలు దాన్ని గుర్తుపట్టక బెదిరి చేనంతా చెదిరాయి. అవి మళ్ళీ కుదురుకునేదాకా కరియ దూరంగా నిలబడింది, తానేం తప్పు చేసిందో తెలియనట్టు.

తర్వాత బజారులో బట్టలు కుట్టే జగన్నాథ్ దగ్గరికి పోయాడు. జగన్నాథ్ ఎవరిదో షేర్వానీకి కాజాలు కుడుతున్నాడు. సంగతి విని సూది పక్కన పెట్టాడు.

“కుక్కకు షేర్వానీ గావాల్నా కాకా? గుండీలు ఏమేద్దాం, వెండివా ఇత్తడివా?”

“నవ్వకురా. చలికి సస్తుంది గది.”

“గొంగళ్ళు నేసేటోడివి నువ్వు. నా దగ్గరికొచ్చుడేంది?”

మాణిక్యప్ప మూలన పడి ఉన్న పాత బట్టల వైపు చేయి చూపాడు. జగన్నాథ్ వెతికి, పోలీసు జవాను ఒకడు వదిలేసి పోయిన పాత ఉన్ని కోటు ఇచ్చాడు. చేతులు కురచ చేసి, మెడ కత్తిరించి ఇస్తానన్నాడు. చెప్పినట్టే చేశాడు, కుట్టు గట్టిదే. కరియ ఆ ఖాకీ కోటుతో వీధిలో నడుస్తుంటే, గడపల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అమీన్ సాబ్ వస్తుండు, పక్కకు జరుగుండ్రి అని ఒకరంటే, సాబ్ తోక సర్దుకోవాలె అని ఇంకొకరు. మాణిక్యప్ప కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆ కోటు మనిషి చేతులకు కుట్టింది. కుక్క భుజం కదిలే తీరు వేరు. పరుగెత్తితే బట్ట వెనక్కి లాగేది. మూడో రోజు పొద్దున కరియ మంద దగ్గర కనబడలేదు. వెతికితే చేను గట్టున తుమ్మకంపలో దొరికింది. కంప ముళ్ళు కోటు చేతిలో దిగి పట్టుకున్నాయి. గుండీలు బలంగా ఉండడంతో అది బయటికి రాలేక, మెడ దగ్గర బట్ట బిగిసి, నాలుక బయటపెట్టి వేలాడుతోంది. ఇంకాసేపు ఆలస్యమైతే దక్కేది కాదు. మాణిక్యప్ప గుండీలు తెంపి దాన్ని కిందికి దించాడు. అది లేచి, ఒళ్ళు విదిలించుకుని, మందను చూడడానికి పోయింది. ఆయన ఆ గట్టు మీదే కూర్చుని తెగిన గుండీలు ఏరాడు. మొదట ఒంటి మీది వెంట్రుక తీశాడు. ఇప్పుడు ఉరి తగిలించబోయాడు.

ఆ రోజే తాను కప్పుకునే గొంగడిని కత్తిరించాడు. అది వానకు కట్టుకోవడానికి నేసింది, చింతగింజల గంజి దట్టంగా పట్టించాడు. గంజి ఉంటే నీళ్ళు జారిపోతాయి, గాలి దూరదు. గొర్రెలు కూడా బెదరలేదు, అది వాటి వాసనే. కానీ గంజి రుచికి కుక్క దాన్ని నాకడం మొదలుపెట్టింది. నాకిన చోటల్లా నాని, ఎండి, అంచు అట్టలా బిగిసింది. ముందుకాళ్ళ సందులో ఒరుసుకుని చర్మం లేచింది. గంజి పోవాలని ఆయన గొంగడిని ఉడుకు నీళ్ళలో వేసి తొక్కాడు. ఆ వేడికి ఉన్ని ముడుచుకుపోయింది. వేలెడు మందాన, జానెడు వెడల్పు ముద్ద చేతిలో మిగిలింది. ఇన్నేళ్ళ నేతగాడు, ఉడుకు నీళ్ళు ఉన్నికి పనికిరావని ఎరిగినవాడు, ఆ పని చేశాడు. చేతులు అలా తప్పుతున్నాయంటే లోపల ఏదో కుదురుగా లేదని సిద్దమ్మకు అర్థమైంది.

ఆ ఇంట్లో మెత్తటి ఉన్ని ఒకటే మూట ఉంది. గొర్రెపిల్లల తొలి కత్తిరింపుది, గంజి తగలనిది. వాళ్ళ బిడ్డ పుష్పమ్మను కంగ్టిలో ఇచ్చారు. ఆమెకు నెలలు నిండుతున్నాయి, కాన్పుకు రాబోతోంది. పుట్టే పిల్లను చుట్టడానికి చిన్న కంబళి నేద్దామని సిద్దమ్మ ఎండాకాలం కత్తిరింపు నుంచీ ఆ ఉన్ని దాచింది. మాణిక్యప్ప అటకవైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. అడగలేదు. ఒక తప్పు కప్పడానికి ఇంకొకరి నోటి దగ్గరిది తీసుకోవడం ఎట్లా అనిపించింది.

మరునాడు పొద్దెక్కాక సిద్దమ్మే మూట దించి అరుగు మీద పెట్టింది.

“దీనితో నెయ్యి.”

“పుష్పమ్మ పిల్లకు?”

“పిల్లకు నా పాత చీరలు బోలెడున్నయ్. గా కుక్కకు చీర నిలుస్తదా?”

ఆయన మూట ముట్టుకోలేదు. ఆమె ఎదురుగా కూర్చుని, అంతే మామూలుగా అంది:

“గొర్రెపిల్లల ఉన్ని అంటివి. గొర్రెపిల్ల ఉన్ని గట్ల జారదు. నా కదురు మీద రెండు కండెలూ నిలువలే. కరియను జూస్తే ఎర్కైంది.”

“మరి గప్పుడే అడగకపోతివి.”

“నువ్వే చెప్తవని జూసిన.”

మాణిక్యప్ప తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె తెలిసే వడికింది. తన తప్పులో ఆమె చేతిని కూడా కలిపానని అప్పటిదాకా ఆయనకు తోచలేదు. తనకొక్కడికే తెలుసనుకుని దాచుకున్నది ఆమె కూడా మోస్తూ ఉంది.

“ముందుగాల నాగల్‌గిద్ద పోయి దేవప్పకు చెప్పి రా,” అంది సిద్దమ్మ. “నువ్వొచ్చెదాంక నేను వడుకుత.”

ఆయన అప్పుడే బయల్దేరాడు. కప్పుకోవడానికి గొంగడి లేదు, పంచె కొంగు భుజాల మీద వేసుకుని నడిచాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. కబురు చేయనందుకు తప్పు తనదంటాడు. గొంగడి వెనక్కి తీసుకుంటాడు. ఎండాకాలం కత్తిరింపు కాగానే కొత్తది నేసి తనే మోసుకొచ్చి ఇస్తాడు. దేవప్ప తిడతాడు, కులం పంచాయితీలో పెడతాడు. పెట్టనీ. ఆ తర్వాత తేలిగ్గా ఉంటుంది.

దేవప్ప చేలో కందికట్టె మోపులు కడుతున్నాడు. మోపు వదిలి ఎదురొచ్చి, గట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. మాణిక్యప్ప నీళ్ళు తాగకుండానే చెప్పేశాడు. అనుకున్న వరస రాలేదు. కుక్క వెంట్రుక కలిపిన, మెత్తగుందంటివే ఆ పక్కనే, అన్నాడు.

దేవప్ప చేతిలోని తాడు కొస చుట్టుకుంటూ విన్నాడు. కోపం వస్తుందని చూసిన మాణిక్యప్పకు అది కనబడలేదు.

“ఎందుకు జెప్పినవ్ మామా?”

“చెప్పకుంట ఉండలేకపోయిన.”

“పెండ్లి అయిపాయె. మరదలు కాపురానికొచ్చె. మా అవ్వ గా గొంగడిని బీరప్ప ముందట పరిచి మొక్కుతుంది. ఇగ పరవకు అని నేనెట్ల జెప్పాలె?”

“గది నాకియ్యి. వేరేది నేసి తెస్త.”

“పెండ్లి గొంగడి గడప దాటిస్తె అవ్వ ఊకుంటదా? ఎందుకని అడగదా? రేపు మరదలికి కడుపునొప్పొచ్చినా గిదే యాదికొస్తది.” దేవప్ప తాడు నేల మీద పెట్టాడు. “నీకు నిద్ర బట్టలేదని నా దగ్గరికొచ్చినవ్. ఇప్పుడు నాకు బట్టదు. నువ్వు మంచిగనే చేసిన అనుకుంటున్నవ్ గద.”

మాణిక్యప్ప పంచె కొంగు భుజాల మీదికి లాక్కున్నాడు.

“అవ్వకు మాత్రం చెప్పకు. ఎవ్వలకు చెప్పకు. గదొక్కటి చెయ్యి.”

దేవప్ప మళ్ళీ మోపు దగ్గరికి పోయాడు. మాణిక్యప్ప గిన్నెలో నీళ్ళు తాగి, గిన్నె బోర్లించి, వెనక్కి తిరిగాడు. కడుక్కోవడానికి పోయినవాడు ఇంకొకరికి అంటించి వచ్చాడు. ఈ సంగతి ఆయనకు ఖేడ్ పొలిమేర దాకా కూడా పూర్తిగా మింగుడు పడలేదు. ఇంటికి వచ్చాక సిద్దమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కదురు ఆపి విన్నది. మంచిపని అనలేదు, చెడ్డపని అనలేదు. రెండు కండెలు ఆయన ముందుకు జరిపింది.

ఆ కోటు నేయడానికి పట్టినంత శ్రద్ధ ఆయన ఏ పెండ్లి గొంగడికీ పట్టలేదు. పడుగుకు గంజి పెట్టలేదు. గంజి లేని దారం మగ్గం మీద నూగు లేచి తెగుతుంది. తెగిన ప్రతి పోగునూ ఆగి ముడి వేశాడు. వదులుగా నేస్తే గాలి దూరుతుంది, బిగువుగా నేస్తే ఒంటికి ఒంగదు. నాలుగు వేళ్ళ మేర నేసి, విప్పి, మళ్ళీ నేశాడు. కొలత కోసం గడ్డితాడు పట్టుకుని మంద దగ్గరికి పోయి, కరియ పడుకున్నప్పుడు కాక నడిచేటప్పుడు దాని భుజం ఎంత ముందుకు వస్తుందో చూశాడు. అందుకని భుజాల దగ్గర బట్ట లేకుండా కోశాడు. వీపు నిండా కప్పి, ఛాతీ కింద ఒక పట్టీ, పొట్ట కింద ఒక పట్టీ. తోక దగ్గర కురచ, లేకుంటే తడుస్తుంది. పట్టీలకు గుండీలు పెట్టలేదు, ఉన్నితాడూ పెట్టలేదు. సిద్దమ్మ పాత రవికె గుడ్డ చీల్చి కట్టాడు. కంపలో చిక్కుకుంటే కుక్క బలానికి అది చిరిగిపోవాలి. బట్ట పోతే పోయింది.

తొడగడానికి పోతే కరియ ఆయన చేతులు చూసి వెనక్కి జరిగింది. ఆయన కూర్చుంటే అదీ దూరంగా కూర్చుంది. దగ్గరికి పోతే లేచి ఇంకో పక్కకు పోయింది. మొరగలేదు, కరవలేదు. కొట్టినవాడిని చూసినట్టు కూడా చూడలేదు. ఆయన చేయి అందనంత దూరం మాత్రం ఉంచుకుంది.

చివరికి సిద్దమ్మ కోటు తీసుకుంది. అది ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె వీపు మీద పరిచి, పట్టీలు రెండూ కట్టి, వేలు దూర్చి బిగువు చూసింది. మాణిక్యప్ప పది అడుగుల దూరంలో నిలబడి, ఎడమ పక్క కొంచెం కిందికి లాగమని చెప్పాడు. ఆమె లాగింది. కరియ ఒళ్ళు విదిలించింది. కోటు జారలేదు. మంద చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

మాఘమాసానికి దగ్గు తగ్గింది. ఆ చలికాలంలో పట్టీలు రెండుసార్లు కంపకు తగిలి చిరిగాయి. రెండుసార్లూ ఆయన కంపలోంచి కోటు తెచ్చి కొత్త గుడ్డ కట్టి ఇచ్చాడు. తొడిగింది మాత్రం సిద్దమ్మే. పుష్పమ్మకు ఆడపిల్ల పుట్టింది. పాత చీరల మడతల్లో చుట్టిన ఆ పిల్లను తాతకు ఇచ్చినప్పుడు, ఆయన పొయ్యి దగ్గరికి జరిగి కూర్చుని ఎత్తుకున్నాడు. కంబళి ఏదని పుష్పమ్మ తల్లిని అడిగితే, ఉన్ని సాలలేదని సిద్దమ్మ చెప్పింది. మాణిక్యప్ప ఆ మాట విననట్టు పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

ఆ తర్వాతి ఏడు, కత్తిరింపులు అయ్యాక, దేవప్ప తల్లిని బండిలో తీసుకుని ఖేడ్ వచ్చాడు. ఆ రోజు దేవప్ప అవ్వ అన్నది ఈమెనే, పేరు రామవ్వ. రెండో కొడుక్కి చేసినట్టే అక్క కొడుక్కీ గొంగడి కావాలంది, మాణిక్యప్ప చేతిదే కావాలని పట్టుబట్టి వచ్చానంది. ఇంట్లో ఉన్న గొంగడి ఎంత మంచిదో వాడకట్టు అందరికీ వినబడేట్టు చెప్పింది. దేవప్ప బండి దగ్గరే నిలబడి ఎద్దు మెడ తోముతున్నాడు.

మాణిక్యప్ప లోపలికి పోయి, వడికిన కండెలు బుట్టలో తెచ్చి ఆమె ముందు గుమ్మరించాడు. ఏ కండె ఏ గొర్రెదో, ఏది పొట్టదో ఏది వీపుదో ఒక్కొక్కటే చూపించాడు. ఎవరూ అడగని సంగతి అది.

“చూసుకో అక్కా. ఇందుల గొర్రె ఉన్నే ఉన్నది. వేరే ఏం లేదు.”

రామవ్వ కండె ఒకటి తీసుకుని, నోరారా నవ్వింది.

“అయ్యో తమ్ముడా. గొంగట్ల గొర్రె ఉన్ని గాక ఇంకేముంటది?”

బండి దగ్గర దేవప్ప చేయి ఎద్దు మెడ మీద ఆగిపోయింది. మాణిక్యప్ప కండెలన్నీ ఏరి ఒక్కొక్కటే బుట్టలో పెట్టుకున్నాడు.